నేల ప్లస్సు

ఈ బండిలో నేల ప్లస్సు.
మొదటిరోజే చెప్పినాడు దస్తగిరి మేస్త్రి:
"నీకు తెలిసిందంతా తిరగేసి పట్టుకో ఓబులేసూ,
అరవై నాలుగో సంవత్సరం ఎం.జి. ఇది.
ప్లస్సుని ఒంటి ఇనుముకి ఇచ్చేసినారు,
తీగల్లో ఉండేదంతా మైనస్సే."

విల్సన్ గార్డెన్ ఏడో క్రాసులో రేకుల షెడ్డు,
పైన ఆవాలు చిటపటలాడినట్టు వాన.
చెంగప్పగారు తడిచేతిని ప్యాంటుకి తుడుచుకుంటా చెప్పినారు:
రిచ్‌మండ్ సర్కిల్ కాడ వైపర్లు ఆగిపోయినాయంట,
పెట్రోలు ముల్లు సున్నాకి వాలిందంట,
ఇండికేటరు మూగదైపోయిందంట,
ఆడనుంచీ చెయ్యి బయటికి చాచి
బస్సులకి సైగలు చేసుకుంటా వచ్చినారంట.
ఫ్యూజు మారిస్తే నాలుగు వీధులు.
మళ్లీ మారిస్తే మూడు.

కాలిన గాజుగొట్టాన్ని వెలుతురుకి పెట్టి
"నిజం చెప్పి చచ్చింది పాపం" అన్నాడు మేస్త్రి.

గోధుమరంగు తీగ నిద్రపోదు.
తాళం తీసేసి ఇంటికి పోయినా అది మేలుకునే ఉంటాది.
తెలుపు తాళంతో లేస్తాది.
తెలుపు ఫ్యూజు దాటితే పచ్చ,
ఇంటి చాకిరీ అంతా పచ్చదే.
ఇదంతా పుస్తకంలో మాట.
బండి కింద పడుకుని చూస్తే
అరవయ్యేళ్ల ఆయిలూ దుమ్మూ పట్టి
అన్ని తీగలదీ పాత చింతపండు రంగే.

మేస్త్రికి కుడికంట్లో పొర.
నేను గోరుతో గీకి చదవాల, ఆయన అర్థం చెప్పాల.
"పచ్చ మీద ఊదా చార."
"బ్రేకు లైటుది."
"పచ్చ మీద నలుపు."
"ట్యాంకుది. ముందుకి పో."

ఫ్యూజు ఉండాల్సిన చోట
ఒక పాత హెడ్‌లైటు బల్బు తగిలించినాడు.
భగ్గున వెలిగింది.
నేను నవ్వినందుకు తిట్లు పడినాయి.
"అది దొంగ తాగతా ఉండే వెలుగురా.
ఏడ ఆరితే ఆడుంటాడు వాడు."

వైపరు మోటారు ఊడదీసినా. వెలుగుతా ఉంది.
ముల్లు తీగ. వెలుగుతా ఉంది.
బ్రేకు స్విచ్చి, ఫ్లాషరు డబ్బా, వెనక దీపాల తూటా జాయింట్లు,
మధ్యలో టీ వచ్చింది, చల్లారింది.
చెంగప్పగారు స్టూలు మీద కునుకు తీసినారు.
వీపు కింద సిమెంటు చెమ్మ,
డాష్‌బోర్డు వెనక నా మోచెయ్యి దేన్నో తాకింది.
ఆరింది.

నా పనిలో నేను చూసినంత అందమైన చీకటి అది.

"కదిలించు." వెలిగింది.
"లాగు." ఆరింది.
ఇంజను గోడకి తీగలు దూరే బెజ్జంలో
రబ్బరు వలయం లేదు,
ఇనుపంచు కత్తిలా ఉంది,
దాని మీద గుడ్డ టేపు ఉండ, విప్పితే లోపల
"ఎరుపు, మేస్త్రీ."
"ఎరుపు ఆడెందుకుంటాదిరా? సరిగా చూడు."
"పచ్చకి ఎరుపు అతికినారు. మెలి తిప్పి, టంకం కూడా లేకుండా."

అప్పుడు చూడాల ఆయన నోరు.
ఆ చేతులకి చీము పట్టాలన్నాడు,
వాడికి పని నేర్పిన గురువుని కూడా కలుపుకున్నాడు.
తిడతానే ఆ ముక్క కత్తిరించి ఇమ్మన్నాడు,
ఎడమకంటికి దగ్గరగా పెట్టుకున్నాడు,
వేళ్లతో మెలికని తడిమినాడు.

నోరు ఆగిపోయింది.

మెలిక ఎడమకి తిరిగి ఉంది.
ఈ షెడ్డులో ఎడంచేతివాటం ఒక్కరిదే.

వాన కొంచెం తగ్గినాక అన్నాడు, నాతో కాదు, బండితో:
"పచ్చతీగ లేదు ఆ రాత్రి. రబ్బరూ లేదు.
సెకండ్ షోకి టికెట్టు మాత్రం ఉన్నింది."

కొత్త పచ్చతీగ నేనే వేసినా, టంకం ఆయనే పెట్టినాడు,
పొరకన్నుతో, చెయ్యి వణక్కుండా.
బెజ్జానికి రబ్బరు తొడిగినాం.
తాళం తిప్పితే వైపర్లు రెండూ
ముసలోళ్లు లేచినట్టు లేచి అద్దం తుడిచినాయి.

"ఎవరి పనంటావు మేస్త్రీ అది?" అడిగినారు చెంగప్పగారు.
"ఎవడో తొందరగాడు సార్."
రబ్బరు వలయానికి ముప్పై రూపాయలు తీసుకున్నాడు.

ఆ ఎర్రముక్క ఇప్పుడు షెడ్డులో మేకుకి వేలాడతా ఉంది.
నేను తగిలించలేదు.
శనివారం సాయంత్రాలు నేను గడియారం చూసినప్పుడల్లా
ఆయనేమీ అనడు,
మేకు వైపు చూస్తాడు.